ఏడంగుళాల రోడ్డు

నిన్న పొద్దున ఆఫీస్‌కి వెళ్తూ పిస్కాటవేలో సిగ్నల్ దగ్గర కారు అద్దం దించాను. పక్కనే రోడ్డు పని జరుగుతోంది. ఇంకా పూర్తిగా గట్టిపడని కాంక్రీటును రంపంతో కోస్తున్నారు. తడిసిన సిమెంటు వాసన, అందులో కాస్త కాలిన రాయి వాసన, నాలుక మీద సుద్దముక్క నమిలినట్టు ఒక రుచి. సిగ్నల్ పచ్చబడిన సంగతి వెనకవాడు హారన్ కొట్టేదాకా నాకు తెలియలేదు. ఆ వాసన తగిలితే చాలు, దయానందం గారు గుర్తొస్తారు. గుర్తొచ్చినప్పుడు ముందు ప్రేమ పొంగుతుందా, కోపం పొంగుతుందా అన్నది మాత్రం నాకే తెలియదు. ఎన్నేళ్లయినా ఇంకా తేల్చుకోకపోవడం ఏమిటని మా ఆయన నవ్వుతాడు. నవ్వేవాడికేం, నవ్వుతాడు.

నేను రోడ్లు డిజైన్ చేసే ఇంజనీర్‌ని. అమెరికాలో తెలుగువాళ్లంటే సాఫ్ట్‌వేరే అన్న లెక్క కాబట్టి పార్టీల్లో ఈ మాట రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. చెప్పాక కూడా "రోడ్డుకి డిజైన్ ఏముంటుందండీ, పోసేయడమేగా" అంటారు. అంత తేలికైతే మూడు వారాలుగా నా బల్ల మీద ఒక పేజీ ఖాళీగా పడి ఉండేది కాదు. కౌంటీ వాళ్లు, అంటే ఇక్కడి జిల్లా వాళ్లు, కొత్త రోడ్డు వేస్తున్నారు. సిమెంటు తక్కువ పట్టేలా కాంక్రీటును పల్చటి పొరగా వేస్తే ఎలా ఉంటుందని వాళ్లే అడిగారు. కానీ ఆ పద్ధతి ఇంతకుముందు ఒకసారి వాళ్ల రోడ్డు మీదే విఫలమైందనీ, మందం చాలక పగిలిందనీ పాత ఫైల్‌లో ఉంది. అది ఎందుకు విఫలమైందో ఒక్క పేజీలో రాసిమ్మన్నారు, లేకపోతే ఎప్పటిలా మందంగానే పోసుకుంటామన్నారు. ఆ పనిలో ఉన్నవాళ్లలో ఇప్పుడు అందుబాటులో ఉన్నది నేనొక్కదాన్నే. మందం చాలలేదని ఆ ఫైల్‌లో చెప్పింది దయానందం గారు. ఆయన ఈ వసంతంలో పోయారు. నిజం రాస్తే, పోయిన మనిషి సంతకం పెట్టి చెప్పిన మాట తప్పని రాయాలి. రాయకపోతే ఒక మంచి రోడ్డు ఫైల్‌లోనే చచ్చిపోతుంది.

ఆయన నా మొదటి బాస్. ఎం.ఎస్. అయ్యాక ఓపీటీ మీద, అంటే చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీద, రోడ్ల పని చేసే ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరాను. మాది కరీంనగర్ పక్క, ఆయనది బాపట్ల. పొట్టి మనిషి, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, జేబులో ఇస్త్రీ చేసిన రుమాలు. చేరిన రోజు కంప్యూటర్ ఇస్తారనుకుని కూర్చుంటే, "బూట్లున్నాయా అమ్మా?" అని అడిగి కారెక్కించుకుని ఒక పాత రోడ్డు మీదికి తీసుకెళ్లారు. ట్రాఫిక్‌కి మూసేసిన రోడ్డు. అరమైలు నడిచాక ఆగారు.

"ఏం కనిపిస్తోంది?"

"క్రాక్స్ సార్."

"అవి అందరికీ కనిపిస్తాయి. ఎన్ని అడుగులకొకటి?"

నేను వెనక్కి వెళ్లి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అప్పుడు చెప్పారు. తొలినాళ్ల ఇంజనీర్లకు స్లాబుకీ స్లాబుకీ మధ్య జాయింట్లంటే చిరాకట. అందుకని డెబ్భై, ఎనభై అడుగుల పొడవు స్లాబులు పోసి లోపల ఇనపవల పెట్టారు. అది పగుళ్లను ఆపలేదు, పగిలిన ముక్కలు విడిపోకుండా పట్టుకుంది. వల తుప్పు పట్టాక ఆ పట్టూ పోయింది. తర్వాతివాళ్లు వల తీసేసి, స్లాబును పదిహేను అడుగులకు తగ్గించి, జాయింటు దగ్గర బరువును పక్క స్లాబుకి అందించే నున్నటి కడ్డీలు పెట్టారు. ఎంత మందం పోయాలో చూసుకోవడానికి చార్టులు వచ్చాయి. దేశం మధ్యలో ఎక్కడో ఒక ట్రాక్ మీద రెండేళ్లపాటు ట్రక్కులు గుండ్రంగా తిప్పి, ఏది ఎప్పుడు పగిలిందో రాసుకుని తయారుచేసిన చార్టులవి. "నేనూ వాటితోనే బతికాను" అన్నారు. "మరి ఇప్పుడు సార్?" అన్నాను. "ఇప్పుడు మీరొచ్చారుగా. మీ సాఫ్ట్‌వేర్‌తో ఇంకా తగ్గిస్తారు." అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అర్థం కాలేదు. తిరిగి వస్తుంటే ఇంకో మాట అన్నారు. స్లాబు పొద్దున పూట అంచులు పైకి లేపుకుని ఉంటుందట, మధ్యాహ్నం ఎండకి నడుమ ఉబ్బుతుందట. "ఒకే రోడ్డు, రోజుకి రెండు షేపులు. నువ్వు దేనికి డిజైన్ చేస్తావు?" నేను తెల్లమొహం వేశాను. "నాకూ తెలీదులే" అని హాయిగా నవ్వారు. తెలియదన్న మాటను అంత సుఖంగా చెప్పే పెద్దమనిషిని నేను అంతవరకూ చూడలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్న అసలు విద్య తాళంచెవితో చేసేది. కాంక్రీటు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పగులుతుంది. దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే పోసిన కొన్ని గంటలకు రంపంతో గీతలు కోస్తే, ఆ గీతల కిందే బుద్ధిగా పగులుతుంది. తొందరపడి కోస్తే అంచులు పెచ్చులూడతాయి, ఆలస్యమైతే అది తనకిష్టమైన చోట పగులుతుంది. ఆ సమయం ఎండను బట్టి, గాలిని బట్టి మారుతుంది. దయానందం గారు రుమాలు పరిచి, దాని మీద మోకాలు ఆనించి, కారు తాళంచెవితో ఒక గీత గీసేవారు. ముద్ద లేచిందంటే ఆగాలి. సన్నటి తెల్లగీత పడిందంటే సమయం వచ్చినట్టు. అప్పుడు లేచి మానీ వైపు తిరిగి "కట్" అనేవారు. మానీ అంటే కాంట్రాక్టర్ దగ్గర ఫోర్‌మన్, పోర్చుగీసు మనిషి. రెండేళ్లు గడిచేసరికి ఆ గీత నాకూ పట్టుబడింది. "సార్, రెడీ అయినట్టుంది" అనేదాన్ని. "ఉండమ్మా, నే చూస్తా" అని మళ్లీ ఆయనే వంగేవారు. ప్రతిసారీ రెడీగానే ఉండేది. అయినా ఆ ఒక్క మాట నా నోటి నుంచి రానివ్వలేదు. నాకూ అది తప్పనిపించలేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊ అనకముందు ఎవరైనా ఏదైనా మొదలుపెడతారా?

పల్చటి రోడ్డు ఆలోచన నాది. స్లాబును ఆరడుగుల చిన్న ముక్కలుగా కోస్తే ట్రక్కు చక్రాల బరువంతా ఒకే ముక్క మీద పడదు. ముక్క తక్కువ వంగుతుంది. పదంగుళాల చోట ఏడంగుళాలు చాలు. మూడు వారాలు సాఫ్ట్‌వేర్‌లో రకరకాలుగా రన్ చేసి ప్రింట్లు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన ససేమిరా అన్నారు.

"ట్రక్కులు పోయే రోడ్డుకి ఏడంగుళాలా? అది రోడ్డా, బిస్కెట్టా?"

"ఎట్ల పగుల్తది సార్? స్ట్రెస్ చూడండి, తట్టుకునేదాంట్ల సగం కూడ లేదు."

"మీ కంప్యూటర్ ఎప్పుడన్నా ట్రక్కు తోలిందా?"

"మీ చార్టు తోలిందా?" అనేసి నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆ కట్ట ఇంటికి తీసుకెళ్లి వారం తర్వాత తెచ్చారు. ప్రతి పేజీ అంచున పెన్సిల్‌తో ఆయన లెక్కలు. "నాకు నమ్మకం కుదరట్లేదమ్మా. కానీ తప్పెక్కడుందో చూపించలేకపోతున్నా. చూపించలేనప్పుడు ఆపడం న్యాయం కాదు" అని డ్రాయింగుల మీద స్టాంపు వేసి సంతకం పెట్టారు. ఈ దేశంలో లైసెన్స్ ఉన్న ఇంజనీర్ స్టాంపు లేకుండా డ్రాయింగు కదలదు. ఆ స్టాంపు కింద ఏం జరిగినా అతనిదే బాధ్యత. నమ్మని డిజైన్ మీద ఆయన అలా సంతకం పెట్టడం అదే మొదలు. నేను ఆ రోజు ఆఫీస్‌లో అందరికీ డోనట్లు పంచాను.

రోడ్డంతా వారం మధ్యలోనే పోశారు. ఒక్క కూడలి ముక్క మాత్రం ట్రాఫిక్ తక్కువని ఆదివారం పెట్టుకున్నారు. ఆదివారం ఆయన పనికి రారు. వాళ్ల తెలుగు చర్చి వాళ్లు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని, ఆ అమెరికన్ల ప్రార్థనలు అయ్యాక తమ ఆరాధన పెట్టుకునేవారు. ఆ రోజు మాత్రం తెల్లవారకముందే వచ్చి, పోయడం అయ్యేదాకా ఉండి, పదకొండింటికి బయల్దేరారు. "రెండింటికల్లా వచ్చేస్తా. అప్పటికి కోతకొస్తుంది" అన్నారు. ఆయన వెళ్లాక ఎండ ముదిరింది, గాలి లేచింది. పన్నెండున్నరకి తాళంచెవితో గీశాను. తెల్లగీత పడింది. పక్కన ఇంకో చోట గీశాను. తెల్లగీతే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆరాధన టైమ్‌లో ఫోన్ కార్‌లోనే పెట్టేస్తారని ఆఫీస్‌లో అందరికీ తెలుసు. అయినా మళ్లీ చేశాను.

"కట్?" అన్నాడు మానీ.

"వెయిట్. మై బాస్ ఈజ్ కమింగ్."

అతను వంగి, అరచేతితో కాంక్రీటు తడిమి, నా మొహంలోకి చూశాడు. "ఇట్స్ రెడీ, మిస్. యూ నో ఇట్స్ రెడీ." నాకు తెలుసు. తెలిసీ మళ్లీ ఫోన్ నొక్కాను. కట్ అన్న ఒక్క మాట, రెండేళ్లుగా వింటున్న మాట, గొంతులోనే ఉండిపోయింది. తొందరపడి అంచులు ఊడితే? సార్ రాకుండానే నువ్వెవరివని అడిగితే? మానీ విసుగ్గా వెళ్లి ట్రక్కులో కూర్చున్నాడు. దయానందం గారు రెండూ పదికి వచ్చారు. చేతిలో నా కోసం చర్చి భోజనాల నుంచి కట్టించుకొచ్చిన బిర్యానీ డబ్బా. రుమాలు కూడా పరవకుండా మోకాళ్ల మీద కూర్చుని గీశారు. గీత పడనే లేదు, తాళంచెవి జారిపోయింది. "కట్! కట్!" అని అరిచారు. ఆయన అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ బిర్యానీ నేను తిన్నాను కూడా.

ఆ రోజు పైకేమీ కనపడలేదు. మొదటి చలికాలం దాటాక ఆ ఆదివారం ముక్కలో పద్నాలుగు స్లాబులు అడ్డదిడ్డంగా పగిలాయి. మిగతా రోడ్డు మీద ఒక్క గీటు లేదు. పగుళ్ల మీద డ్రిల్లు పెట్టి మూడు గుండ్రటి ముక్కలు తీశాం, మా భాషలో కోర్స్. దయానందం గారు వాటిని ట్రక్కు వెనకాల వరసగా పెట్టి, పగులు వెంట మేకు మొనతో గీసుకుంటూ వెళ్లారు. లేత కాంక్రీటు పగిలితే పగులు రాళ్ల చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే అప్పటికి రాయే గట్టిది. ముదిరాక బరువుకి పగిలితే రాళ్లను కూడా చీల్చుకుంటూ పోతుంది. మూడింటిలోనూ మేకు రాళ్ల చుట్టూ తిరిగింది. అంటే మందం తప్పు కాదు, ట్రక్కుల తప్పు కాదు. ఆలస్యంగా కోయడం వల్ల పగిలింది. ఆయన మేకు జేబులో వేసుకున్నారు. సైట్‌లో ఉన్న మనిషి తప్పని తేలితే ఆ మనిషిని నేనే. అప్పటికి నా హెచ్ వన్ బీ వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సామాను సర్దుకోవాలి.

కౌంటీ ఆఫీస్‌లో మీటింగ్. వాళ్ల చీఫ్ ఇంజనీర్ ఎందుకిలా జరిగిందని అడగడం పూర్తి కాకముందే దయానందం గారు లేచి నిలబడ్డారు. "మందం చాలలేదు. ఏడంగుళాలకి సంతకం పెట్టింది నేను. పొరపాటు నాది" అన్నారు ఇంగ్లిష్‌లో, ఎవరి వైపూ చూడకుండా. నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకుని ఫైల్ సర్దుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో "సార్, ఆ కోర్స్‌లో..." అని మొదలుపెట్టాను.

"సీట్ బెల్ట్ పెట్టుకో అమ్మా" అన్నారు. అంతే.

ఆ పద్నాలుగు స్లాబులూ తీసి పదంగుళాలు పోశారు. పల్చటి స్లాబులు మళ్లీ తన దగ్గరికి తేవద్దని కౌంటీ చెప్పేసింది. ఏడాది తిరక్కుండానే ఆయన రిటైర్ అయ్యారు. ఎవరూ పొమ్మనలేదు, ఆయనే వెళ్లారు. నా వీసా వచ్చింది, తర్వాత లైసెన్స్ వచ్చింది, నాకూ ఒక స్టాంపు వచ్చింది. ఆయన నన్ను కాపాడారని కొన్నాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఇంకొన్నాళ్లకి ఒళ్లు మండింది. ఆ డిజైన్ మొదటి నుంచీ ఆయనకి ఇష్టం లేదు కదా, నన్ను కాపాడే వంకతో దాన్ని పాతిపెట్టారేమో! ఇంకోసారి అనిపించేది, సంతకం పెట్టిన ఇంజనీర్ కోత సమయానికి చర్చిలో ఉన్నాడని తేలకుండా తనని తానే కాపాడుకున్నారేమోనని. మూడూ నిజమేననిపించేది. మూడూ అబద్ధమేననిపించేది. పండక్కి ఫోన్ చేసి "బాగున్నారా సార్" అని అడిగేదాన్ని, అసలు ప్రశ్న మాత్రం అడగలేకపోయేదాన్ని.

పోయినేడు ఆయనకి గుండె ఆపరేషన్ అయిందని తెలిసి కమ్మింగ్ అనే ఊరికి వెళ్లాను. అక్కడ కూతురింట్లో ఉంటున్నారు. సగం అయిపోయారు, చొక్కా మాత్రం అదే పొడుగు చేతులది. కూతురు టీ ఇచ్చి లోపలికెళ్లాక ఇక ఆగలేదు.

"సార్, ఆ మీటింగ్‌ల మందం చాలలేదని ఎందుకు చెప్పిన్రు? కోర్స్ మీరే చూసిన్రు కదా."

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టారు. "ఆ ఆదివారం నాకెన్నిసార్లు ఫోన్ చేశావో గుర్తుందా?"

"నాలుగు సార్లు."

"అయిదు" అన్నారు.

ఆ లెక్క ఆయనకెలా తెలుసు? "ఫోన్ కార్‌ల పెడ్తరు కదా మీరు?"

"ఆ రోజు పెట్టలేదమ్మా. పనుంది కదాని జేబులోనే పెట్టుకున్నా. సైలెంట్‌లో ఉంది. నీ పేరు కనిపిస్తానే ఉంది."

"మరి ఎత్తలేదేంది సార్?"

"ఎత్తితే కోయమంటావా అని అడుగుతావు. నేను ఊ అంటాను. నాకెన్నాళ్లుంది ఇంక, ఆ మాట నువ్వు ఎప్పుడు నేర్చుకుంటావు? నేను పలక్కపోతే నువ్వే చెప్పేస్తావనుకున్నా."

"నేను చెప్పలేదు కదా!" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "రెండేండ్లు నన్ను నోరు తెర్వనియ్యలే. ఒక్క రోజుల ఎట్ల చెప్త సార్?"

"అదే" అన్నారు ఆయన. "తప్పు నీదా, నాదా అని అప్పట్నుంచీ చూస్తానే ఉన్నా. తేలట్లేదు. నీ మీద పెట్టలేను. ఫోన్ సంగతి చెప్పే ధైర్యమూ లేకపోయింది. మందం మీద పెట్టేశా. మందానికి నోరు లేదుగా."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయన చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా చల్లారిన టీ తాగాను. ఆయనే అడిగారు. "మిగతా రోడ్డు ఎట్టా ఉంది?"

"గట్లనే ఉంది సార్. రోజూ ట్రక్కులు పోతున్నయ్. ఒక్క క్రాక్ లేదు."

"ఏడంగుళాలేగా?"

"ఏడే."

ఆయన రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. ఆపరేషన్ అయిన మనిషి కదా అని భయపడి కూతుర్ని పిలిచాను. ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకునే వీలు చిక్కలేదు.

నిన్న ఆఫీస్‌కి వెళ్లగానే ఆ పేజీ రాశాను. మందం సరిపోయిందని, కోత గంటన్నరకి పైగా ఆలస్యమైందని, మందం చాలలేదని ఫైల్‌లో ఉన్న మాట సరైనది కాదని రాశాను. కాంక్రీటు సిద్ధంగా ఉందని తెలిసీ కోయించకుండా ఆగింది నేనని రాశాను. ఫోన్ సంగతి రాయలేదు. అది రోడ్డుకు సంబంధించిన విషయమా, మాకు సంబంధించిన విషయమా అన్నది తేలలేదు. పంపేశాను. సాయంత్రం కౌంటీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన ఇంజనీర్, చిన్నమ్మాయి గొంతు. రిపోర్టు చాలా స్పష్టంగా ఉందనీ, పల్చటి డిజైన్ మళ్లీ చూస్తామనీ చెప్పింది. ఫైల్ పూర్తి చేయడానికి ఒక్క ప్రశ్న మిగిలిందంది. ఆ రోజు సైట్‌లో కోయమని చెప్పే అధికారం నాకు ఉందా, లేదా?

లేదంటే తప్పంతా ఆయన మీదికి పోతుంది. ఉందంటే నా మీదికి వస్తుంది. ఏది నిజమో ఆలోచిస్తుంటే, లైన్‌లో ఉన్నారా అని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది.

"ఉంది" అన్నాను. "ఉందని ఆ రోజు నాకు తెలియదు."

ఆ రెండో మాట కూడా ఫైల్‌లో రాయాలా అని అడిగింది. రాయమన్నాను.